శోకానికి హద్దు, ఆనందానికి చోటు

రాయపూర్ నగరానికి 50, 60 కిలోమీటర్ల దూరంలో, మహానదీ పరిసరాలలో, చంపారణ్యం అనే చిన్న గ్రామం ఉన్నది. వాడుకలో దానిని చంపారణ్ అంటారు. 1917లో గాంధీజీ నీలిమందు రైతుల పక్షాన నిలిచిన చంపారణ్ బీహారులోనిది. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ గ్రామం వేరు. ఇక్కడ చంపేశ్వర మహాదేవుని ఆలయం ఉన్నది. దానికి చేరువలోనే, శుద్ధాద్వైత ప్రవర్తకుడైన వల్లభాచార్యుడు పుట్టిన చోటు ఇదేనని పుష్టిమార్గీయులు కొలిచే మందిరం ఉన్నది. ఆ ఆచార్యుని తల్లిదండ్రులు తెలుగువారు. తండ్రి లక్ష్మణభట్టు, తల్లి ఇల్లమ్మ. వెలనాటి వైదిక శాఖకు చెందిన భారద్వాజసగోత్రుల కుటుంబం వారిది.

ఆ జననాన్ని గురించి సంప్రదాయ చరిత్రలు చెప్పే కథ ప్రసిద్ధమైనది. కాశీలో ఉన్న ఆ దంపతులు, నగరం మీదికి దండు వస్తున్నదన్న వార్త విని దక్షిణానికి బయలుదేరినారు. ఇల్లమ్మ అప్పుడు గర్భవతి. నెలలు నిండకుండానే దారిలో, ఈ అడవిలో, ఆమెకు ప్రసవమైనది. శిశువులో ప్రాణచిహ్నాలు కనబడలేదు. తల్లిదండ్రులు ఆ బిడ్డను వస్త్రంలో చుట్టి, జమ్మిచెట్టు క్రింద ఉంచి, ఆకులు కప్పి, తోడివారితో ముందుకు సాగిపోయినారు. రాత్రి సమీపగ్రామంలో గడిపి, కాశీకి ముప్పు తప్పినదని తెలిసి మరలి వచ్చేసరికి, చెట్టు క్రింద నిప్పుల వలయం నడుమ బిడ్డ సజీవుడై కనిపించినాడు. తల్లి ఆ మంటలను దాటి వెళ్లి బిడ్డను ఎత్తుకున్నది. సంప్రదాయగణన ప్రకారం అది 1479వ సంవత్సరం; ఉత్తరాదివారి లెక్కకు వైశాఖ కృష్ణ ఏకాదశి, తెలుగువారి లెక్కకు చైత్ర బహుళ ఏకాదశి. పూర్ణిమతో మాసాన్ని ముగించేవారికీ, అమావాస్యతో ముగించేవారికీ పేరులోనే భేదం, తిథి ఒక్కటే.

భక్తులు ఈ కథలో నిప్పుల వలయాన్ని చూస్తారు. తెలుగు భారతం చదివినవారికి జమ్మిచెట్టు అనగానే విరాటపర్వం స్ఫురిస్తుంది. అక్కడ కూడా ఆ చెట్టు, చూచేవారికి శవమని తోచేదానిని మోస్తూ, నిజానికి పాండవుల ఆయుధాలను కాపాడినది. కాని ధర్మశాస్త్రం ఎరిగినవారి దృష్టి, బిడ్డను విడిచిపెట్టిన సాయంకాలానికీ తిరిగి ఎత్తుకున్న ఉదయానికీ నడుమ గడచిన రాత్రి మీద నిలుస్తుంది. ఆ రాత్రి ఆ తల్లిదండ్రులు పాటించవలసిన శోకవిధి ఏది? శాస్త్రం చెప్పే సమాధానం చాల చిన్నది: అట్టి శిశువుకు దహనం లేదు, ఉదకదానం లేదు, పిండం లేదు. సముద్రాల కావల, వేరొక భాషలో, వేరొక దేవుని పేర ఏర్పడిన యూదుల ధర్మశాస్త్రాన్ని అడిగినా దాదాపు ఇదే సమాధానం వస్తుంది. జన్మించి ముప్పై దినాలు జీవించని శిశువు కొరకు అందులోనూ శోకవిధి లేదు.

ఒకదాని నుంచి ఒకటి ఎరువు తెచ్చుకోని రెండు ధర్మాలు ఒకే చోట మౌనం వహించడం యోచింపదగిన విషయం. ఆ మౌనానికి అర్థం తెలియాలంటే, అవి శోకాన్ని ఎందుకు కొలిచినవో, ఎట్లు కొలిచినవో, నిత్యజీవితంలో ఆనందానికి ఎక్కడ చోటు విడిచినవో ముందు తెలియాలి.

ధర్మశాస్త్రాలలో శోకవిధిని సంగ్రహంగా చెప్పినది యాజ్ఞవల్క్యస్మృతి. అందలి ప్రాయశ్చిత్తాధ్యాయం ఆశౌచప్రకరణంతోనే ఆరంభమవుతుంది. కల్యాణి చాళుక్యుడైన ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు ఈ స్మృతికి వ్రాసిన మితాక్షర దేశమంతటా ప్రమాణమైనది. పదమూడవ శతాబ్దిలో కేతన ఆ వ్యాఖ్య ననుసరించి ‘విజ్ఞానేశ్వరీయము’ను తెలుగు పద్యాలలో రచించినాడు. కనుక ఈ శాస్త్రం తెలుగు సాహిత్యానికి పరాయిది కాదు.

శ్మశానం నుండి మరలివచ్చేవారికి యాజ్ఞవల్క్యుడు విధించిన చర్యలు చూడదగినవి. ముందుగా, పెద్దలు వారిని ఒకచోట కూర్చుండబెట్టి సంసారపు అనిత్యతను గురించిన ఇతిహాసాలు చెప్పి ఓదార్చాలి. బంధువులు విడిచే కన్నీరు మృతునికి భారమే అవుతుంది గనుక, ఏడుపు మాని యథాశక్తి క్రియలు జరపాలని బోధించాలి. తరువాత పిల్లలను ముందుంచుకొని ఇంటికి నడవాలి. వాకిట వేపాకు నమలి, ఆచమించి, అగ్నిని, నీటిని, గోమయాన్ని, తెల్ల ఆవాలను తాకి, రాతి మీద అడుగుపెట్టి మెల్లగా లోపలికి ప్రవేశించాలి. చేదును నాలుక మీద ఉంచుకొని, స్థిరమైన రాతిని పాదం క్రింద ఉంచుకొని ఇల్లు చేరడమన్నమాట. ఆ దినాలలో నేలమీద వేరువేరుగా పరుండాలి. కొన్నది గాని ఇతరులు ఇచ్చినది గాని భుజించాలి. దుఃఖించే ఇంట పొయ్యి వెలిగించే పని దుఃఖితులది కాదు, ఇరుగుపొరుగుది. ఈ ఒక్క నియమంతో శోకం ఒక ఇంటి సొంతవిషయంగా ఉండక ఊరి బాధ్యత అవుతున్నది.

తరువాత దినాల లెక్క వస్తుంది. అస్థిసంచయనం, నిత్యవిధి, దశాహం, ఏకోద్దిష్టం, సపిండీకరణం అని ఒక్కొక్క దినానికి ఒక్కొక్క పని. పల్లెలలో చిన్నదినం, పెద్దదినం అని వ్యవహరించేవి కూడ ఈ క్రమానికి చెందినవే. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో తీజనహావన్, దసనహావన్ అంటారు; మూడవనాటి స్నానం, పదవనాటి స్నానం అని అర్థం. తెలుగు వైదిక కుటుంబాలలో ఈ క్రమం ముగిసిన పిమ్మట, పదమూడవనాడు జరిగేదానికి శుభస్వీకారమని పేరు. ఈ మాటను వింటూ ఉండడమే గాని దానిని ఆలోచించేవారు అరుదు. శుభం తనంతట తాను వచ్చేది కాదు, దానిని స్వీకరించాలి. స్వీకరించడానికి దుఃఖితునికి మనసు ఒప్పకపోవచ్చు, చచ్చినవారికి ద్రోహం చేస్తున్నట్లు తోచవచ్చు. అందుచేత శాస్త్రం దానిని అతని ఇష్టానికి విడువక విధిగా చేసినది. ఏడవడానికి దినాలను నిర్ణయించిన శాస్త్రమే, కొత్తబట్ట కట్టి నలుగురిలోకి రావడానికి కూడ ఒక దినాన్ని నిర్ణయించినది.

శుభస్వీకారంతో శోకం తుడుచుకొనిపోతుందని శాస్త్రకారులు భ్రమపడలేదు. ఆ తరువాత మాసికాలు, సంవత్సరాంతంలో ఆబ్దికం ఉంటవి. తలిదండ్రులు గతించినవారు ఏడాదిపాటు పండుగలు చేయరు, వేడుకలకు దూరంగా ఉంటారు. ఆ మీదట ఏటికొక తిథి, ఏటికొక పితృపక్షం. దినదినానికీ ఉన్న నియమం నెలకు ఒకసారి, నెలకు ఒకసారి ఉన్నది ఏటికి ఒకసారి అవుతుంది. దుఃఖం పలచబడే తీరునే శాస్త్రం కాలగణనగా మలచినది.

ఇక యూదుల సంగతి. యూదుధర్మం తెలుగువారికి బొత్తిగా దూరమైనదేమీ కాదు. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిం అని చెప్పుకొనే తెలుగు కుటుంబాలు కొన్ని 1990 తరువాతి కాలంలో ప్రార్థనామందిరం కట్టుకొని యూదుధర్మాన్ని అనుసరిస్తున్నవి. వారు ఇంట మాటాడేది తెలుగు, ప్రార్థనకు నేర్చుకొన్నది హీబ్రూ. యూదులు తమ ధర్మశాస్త్రాన్ని హలాఖా అంటారు. నడక, నడవవలసిన తీరు అని దాని అర్థచ్ఛాయ. దానికి ఆకరం తాల్ముద్. పన్నెండవ శతాబ్దిలో మైమొనిడీస్ దానిని క్రమబద్ధం చేసినాడు. పదహారవ శతాబ్దిలో జోసెఫ్ కారో రచించి, 1565లో వెనిస్‌లో ముద్రితమైన ‘షుల్హాన్ ఆరూఖ్’ నేటికీ ఆచారానికి ఆధారగ్రంథం.

ఈ శాస్త్రం శోకకాలాన్ని అంతస్తులుగా విభజించినది. మరణానికీ ఖననానికీ నడుమ ఉన్న కాలంలో సమీపబంధువుకు నిత్యప్రార్థన సైతం విధి కాదు. అంత్యక్రియల ఏర్పాటు తప్ప అతనికి వేరొక ధర్మం లేదు. ఖననమైన నాటినుండి ఏడు దినాలు షివ. ఆ మాటకు ఏడు అనే అర్థం. ఆ దినాలలో ఇల్లు కదలరు, తక్కువ ఎత్తు పీటలమీద కూర్చుంటారు, తోలు చెప్పులు తొడగరు, పనికి పోరు, సుఖస్నానం చేయరు. వారి తొలి భోజనం ఇరుగుపొరుగు తెచ్చిపెట్టినదే కావాలి. యాజ్ఞవల్క్యుని నియమం ఇక్కడ మరల ఎదురవుతుంది. ఓదార్చవచ్చినవారు, దుఃఖితుడు నోరు విప్పేవరకు తాము మాటాడరాదు. యోబు గ్రంథంలో మిత్రులు ఏడు దినాలు అతని చెంత మౌనంగా కూర్చున్నారన్న కథ ఇందుకు ఆధారం. అటు పెద్దలు ముందుగా పలకాలని యాజ్ఞవల్క్యుడు. ఇటు దుఃఖితుడు ముందుగా పలకాలని యూదులు. ఓదార్పుకు రెండూ మార్గాలే.

షివలో నిషిద్ధమైన వాటిలో ఒకటి విచిత్రంగా కనబడుతుంది. అది ధర్మగ్రంథపఠనం. యూదునికి దానికంటె పుణ్యకార్యం లేదు. కాని ఆ చదువు హృదయానికి సంతోషం కలిగిస్తుంది గనుక శోకదినాలలో కూడదన్నారు. యోబు కథ, విలాపవాక్యములు, యిర్మీయాలోని దుఃఖభాగాలు మాత్రం చదువవచ్చు. విద్య ఆనందమని ఒప్పుకొనడానికి ఇంతకంటె గట్టి సాక్ష్యం దొరకదు.

ఏడు దినాల తరువాత ముప్పై దినాల వరకు రెండవ అంతస్తు. అందులో పనికి పోవచ్చు, కాని క్షౌరం కూడదు, వేడుకలకు పోకూడదు. తల్లిగాని తండ్రిగాని గతిస్తే ఈ నిగ్రహం పన్నెండు నెలలు. పుత్రుడు పదకొండు నెలలు కద్దీష్ అనే ప్రార్థన చదువుతాడు. అందులో మృత్యువు ప్రసక్తి లేదు, ఉన్నది దైవస్తుతి మాత్రమే. అంతటితో సరి. దుఃఖించడానికి మూడు, ఏడు, ముప్పై అని దినాలను లెక్కించిన తాల్ముద్, ఆ మీద కూడ దుఃఖాన్ని పెంచుకొనేవాడు తాను దేవునికంటె దయాళువునని చెప్పుకొన్నట్లేనని మందలిస్తుంది. ఆ వెంటనే మైమొనిడీస్ రెండవవైపు కూడ కాపలా పెట్టినాడు: అతిగా ఏడ్చేవాడు లోకరీతి తెలియనివాడు, విధించినంత మేరకైనా ఏడవనివాడు క్రూరుడు.

శోకం నడుమకు ఆనందం వచ్చే తీరు ఇంకా గమనింపదగినది. ఏడు దినాలలో ఒక దినం తప్పక షబ్బాత్ అవుతుంది. ఆ వారపు విశ్రాంతిదినం ఏడింటి లెక్కలో చేరుతుంది. కాని ఆనాడు బహిరంగంగా శోకచిహ్నాలు చూపరాదు. మంచి బట్టలు కట్టి ప్రార్థనకు పోవాలి. సూర్యుడు అస్తమించి ఆ దినం ముగియగానే మరల పీట మీద కూర్చోవాలి. మహాపర్వం వస్తే అది షివను మధ్యలోనే తెంచివేస్తుంది. మిగిలిన దినాలు పాటించనవసరం లేదు. ఒక ఇంటి దుఃఖం సమాజపు పండుగను ఆపదు. ఆ పండుగ దుఃఖితుని బయట నిలుపక తనలోకి తీసుకుంటుంది.

రెండూ ఒకే ఇంట, ఒకేనాడు ఎదురుపడితే ఏమవుతుంది? పందిరి వేసిన తరువాత ఇంటిలో మరణం సంభవిస్తే ఏమి చేయాలన్నది ఏ దేశపు పెద్దలకైనా కఠినమైన ప్రశ్న. తాల్ముద్ దీనికి ఉదాహరణ ఇచ్చి తీర్పు చెప్పినది. వంట సిద్ధమై, పెళ్లి ఏర్పాట్లన్నీ పూర్తి అయిన దశలో వరుని తండ్రిగాని వధువు తల్లిగాని మరణిస్తే, శవాన్ని ఒక గదిలో ఉంచి వివాహం జరిపి, పిమ్మట ఖననం చేసి, ఏడు దినాల పెళ్లివిందులు ముగిసిన తరువాత ఏడు దినాల షివ పాటించాలి. ఎందుకంటే ఆ వరునికి వేడుక జరిపించగల తండ్రి, ఆ వధువుకు అలంకారం చేయగల తల్లి మరల లభించరు. ఆ పెళ్లి ఆగిపోతే మరొకసారి అట్లు జరిగే అవకాశం లేదు.

ఈ తీర్పు విని తెలుగు పాఠకుడు ఉలికిపడవచ్చు. కాని స్వధర్మశాస్త్రమూ ఈ దారికి దూరం కాదు. వ్రతం, యజ్ఞం, వివాహం ఆరంభమైన తరువాత కర్తకు సూతకం అంటదని స్మృతులు చెప్పినవి. ఆరంభమంటే ఏమిటన్న ప్రశ్నకు కూడ సమాధానమిచ్చినవి: వ్రతానికి సంకల్పం, యజ్ఞానికి ఋత్విగ్వరణం, వివాహానికి నాందీముఖం. నాంది జరిగిన పెళ్లి పూర్తి కావలసినదే. సపిండీకరణ విషయంలోనూ ఇటువంటి వెసులుబాటే ఉన్నది. ప్రేతత్వాన్ని తొలగించి మృతుని పితృదేవతలలో చేర్చే ఆ కర్మకు ముఖ్యకాలం సంవత్సరాంతం. అయినా పన్నెండవనాడు గాని, ఆ లోపల వృద్ధికార్యం, అంటే శుభకార్యం, వచ్చిపడినప్పుడు గాని జరుపవచ్చునన్నారు. బ్రతికినవారి శుభం కొరకు మృతుని ప్రయాణాన్ని త్వరపెట్టడానికి శాస్త్రం సంకోచించలేదు.

దుఃఖంలో ఆనందానికి చోటిచ్చినట్లే, ఆనందంలో దుఃఖానికీ ఈ ధర్మాలు చోటిచ్చినవి. నాందీశ్రాద్ధం అనే పేరులోనే ఆ సంగతి ఉన్నది. పెళ్లిపీటల దగ్గర, మంగళవాద్యాల నడుమ, గతించిన తాతముత్తాతలను పిలిచి అర్చిస్తారు. అప్పుడు వారికి నాందీముఖులని పేరు. అంటే ప్రసన్నమైన ముఖం కలవారని భావం. శ్రాద్ధానికి వచ్చే పితృదేవతలే పెళ్లికి కూడ వస్తారు; నువ్వులకు బదులు యవలు, ప్రాచీనావీతానికి బదులు సవ్యం. యూదుల పెళ్లిలో వరుడు గాజుపాత్రను కాలితో పగులగొడతాడు. కొడుకు పెళ్లిలో అతిథుల ఉల్లాసం హద్దు మీరుతున్నదని గమనించి, ఒక రబ్బీ విలువైన పాత్రను తెచ్చి వారి ఎదుట పగులగొట్టినాడన్న తాల్ముద్ కథ ఈ ఆచారానికి మూలమంటారు. యెరూషలేము దేవాలయనాశనాన్ని అది జ్ఞప్తికి తెస్తుందని తరువాతివారు వివరించినారు.

ఆ నాశనం జరిగినది క్రీస్తుశకం 70లో. అప్పుడు కొందరు, బలిపీఠమే లేనప్పుడు మాంసమేల, ద్రాక్షారసమేల అని వాటిని విడిచిపెట్టినారట. యెహోషువ అనే రబ్బీ వారి చెంతకు వెళ్లి, ఆ లెక్కన రొట్టె కూడ మానవలెను గదా, పండ్లు మానవలెను గదా, చివరకు నీళ్లు కూడ మానవలెను గదా అని వరుసగా అడిగినాడు. దేవాలయంలో వాటన్నింటి నివేదనా ఆగిపోయినది కనుక. వారికి సమాధానం దొరకలేదు. అప్పుడతడు, అసలు దుఃఖించకపోవడం సాధ్యం కాదు, అతిగా దుఃఖించడమూ సాధ్యం కాదు అన్న సారాంశంగల బోధ చేసి, ఒక చిన్న ఏర్పాటు సూచించినాడు. ఇల్లు కట్టుకొన్నవాడు గోడలన్నింటికీ సున్నం వేసుకోవచ్చు. కాని ఒక మూర చోటు వేయకుండా విడిచిపెట్టాలి. ఇంత పెద్ద దుఃఖానికి అంత చిన్న కొలత! ఇల్లు నివాసయోగ్యంగానే ఉంటుంది, దుఃఖం కంటికి కనబడుతూనే ఉంటుంది.

ఈ పోలికలను చూచి రెండు ధర్మాలూ ఒక్కటే అనుకోరాదు. యూదుల షివకు మూలం బంధుప్రేమ. తండ్రి, తల్లి, కొడుకు, కూతురు, సోదరుడు, సోదరి, జీవితభాగస్వామి అనే ఏడుగురి కొరకే అది విధి. ఆశౌచానికి మూలం సాపిండ్యం. ఏనాడూ ముఖం చూడని జ్ఞాతికి కూడ మైల అంటుతుంది, ప్రాణమిత్రునికి అంటదు. అంతేగాక ఆశౌచం చావుకే పరిమితం కాదు. బిడ్డ పుట్టిన సంతోషానికి కూడ పురుడు అనే పేర ఆశౌచముంటుంది. వర్ణాన్ని బట్టి దినాల సంఖ్య మార్చి, పదిదినాల నుండి ముప్పై దినాల వరకు విధించిన స్మృతుల పక్షపాతాన్ని కూడ మరుగుపరచడం తగదు. దుఃఖం కులాన్ని బట్టి పెరగదు, తరగదు.

వీటన్నిటికంటె పెద్ద లోపం వేరొకటి ఉన్నది. అది ఈ ధర్మం తన కొలతను తానే మరచిన చోటు. భర్త చనిపోయిన స్త్రీకి తెలుగుదేశపు ఆచారం శుభస్వీకారం విధించలేదు. పదమూడవనాడు ఇంటిలో అందరికీ శోకం ముగిసినది, ఆమెకు మొదలైనది. కేశఖండనం, ఏకభుక్తం, శుభకార్యాలలో ఎదురురాకూడదన్న నిషేధం – ఇవన్నీ హద్దులేని శోకానికి చిహ్నాలు. యూదుధర్మం వితంతువుకు, గర్భసంశయం తీరడం కొరకు దాదాపు మూడు నెలల గడువు విధించి, పునర్వివాహానికి అనుమతించినది. భార్యను కోల్పోయిన పురుషుణ్ణే మూడు మహాపర్వాలు గడిచేవరకు ఆగమన్నది. ఇక్కడ 1856లో చట్టం వచ్చిన తరువాత కూడ ఆచారం కదలలేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు తొలి వితంతువివాహం జరిపించినప్పుడు ఆయనను బహిష్కరించినవారు తాము ధర్మాన్ని కాపాడుతున్నామనే అనుకున్నారు. శోకానికి హద్దు పెట్టడమే శోకవిధికి ప్రాణమని గ్రహించి ఉంటే, వీరేశలింగంగారు చేసినది ఆలస్యంగా జరిగిన శుభస్వీకారమని వారికి తెలిసి ఉండేది.

వితంతువు విషయంలో కొలతకు అంతం లేకపోయినది. చంపారణ్యపు తల్లి విషయంలో కొలతకు ఆరంభమే లేదు. రెండేండ్లు నిండని శిశువును దహింపక పూడ్చాలని, ఉదకం విడువరాదని యాజ్ఞవల్క్యుడు. దంతాలు రాకముందు మరణిస్తే జ్ఞాతులకు స్నానమాత్రంతో శుద్ధి. చచ్చి పుట్టిన బిడ్డ విషయంలోనైతే పుట్టుకకు చెందిన ఆశౌచమే గాని మరణానికి చెందినది లేదు. ఒడి ఖాళీగా ఉన్న తల్లి పురిటిదినాలు గడపాలి. మైమొనిడీస్, జోసెఫ్ కారో చెప్పిన ముప్పై దినాల నియమానిదీ ఇదే ఫలితం.

దీనికి కారణం ఊహింపరానిది కాదు. పుట్టిన పిల్లలలో ఎందరో పురిటిలోనే పోయే కాలంలో ప్రతి మరణానికీ పదిదినాలో ఏడుదినాలో విధిస్తే, ఆ ఇండ్లు శోకదినాల నుండి తేరుకొనేవి కావు. శాస్త్రం ఆ తల్లిదండ్రుల మీద మరొక భారం మోపలేదు. అది దయతో చేసిన మినహాయింపు. కాని విధి లేకపోవడం వల్ల పొరుగువారు అన్నం తెచ్చిపెట్టే అవసరమూ లేకపోయినది; పెద్దలు కూర్చోబెట్టి ఓదార్చే సందర్భమూ లేకపోయినది. దుఃఖం మాత్రం ఉండిపోయినది. ఈ సంగతిని యూదుసమాజాలలో కొందరు రబ్బీలు ఇటీవలి దశాబ్దాలలో గుర్తించినారు. విధి కాకపోయినా నిషేధం కాదన్న సూత్రాన్ని ఆశ్రయించి, అట్టి బిడ్డకు పేరు పెట్టడానికి, ఖననంలో తల్లిదండ్రులు పాల్గొనడానికి, ఆప్తులు వచ్చి వారి చెంత కూర్చొనడానికి దారి తెరిచినారు. ధర్మశాస్త్రాన్ని గౌరవించడమంటే అది మౌనంగా ఉన్న చోట మనుషులు కూడ మౌనంగా ఉండడం కాదు.

భారతదేశంలో ఈ ఖాళీని కొంతవరకు పూరించినది సాహిత్యం, భక్తి. అందుకు ఉదాహరణ మరెక్కడో వెదకనక్కరలేదు. ఆ జమ్మిచెట్టు క్రింద విడువబడిన శిశువే పెద్దవాడై, గృహస్థుడై, బాలకృష్ణుని కేంద్రంగా పుష్టిమార్గాన్ని నెలకొల్పినాడు. ఆ మార్గంలో భగవంతుని సేవ ఇంటి పసిబిడ్డను సాకే తీరులో జరుగుతుంది. మంగళ, శృంగార, గ్వాల, రాజభోగ, ఉత్థాపన, భోగ, సంధ్యారతి, శయనం అని దినానికి ఎనిమిది దర్శనాలు. మేలుకొలపడం, అలంకరించడం, ఆకలికి పెట్టడం, నిద్రపుచ్చడం – ఇవే పూజ. ఇంటిలో మరణం సంభవించినప్పుడు కూడ ఆ బిడ్డకు ఆకలి ఆగదు. ఆశౌచంలో ఉన్నవారు విగ్రహాన్ని తాకరు. ఆశౌచం లేని మరొకరు సేవ సాగిస్తారు. దుఃఖితుడు తప్పుకుంటాడు, ఆనందం మాత్రం ఆగదు.

వల్లభాచార్యుని పదహారు చిన్న కృతులు షోడశగ్రంథాలని ప్రసిద్ధమైనవి. వాటిలో నిరోధలక్షణం ఒకటి. లోకాన్ని మరచి కృష్ణునిలో చిత్తం నిలవడమే ఇందులో నిరోధం. దానిని నిర్వచింపబోతూ ఆచార్యుడు ముందుగా కోరినది ఆనందాన్ని కాదు. గోకులంలో యశోదకు, నందాదులకు, గోపికలకు ఏ దుఃఖం కలిగినదో అది తనకు ఎప్పుడైనా కలుగుతుందా అని అడిగినాడు. ఆ తరువాతనే వ్రజవాసులు పొందిన సుఖాన్ని, ఉద్ధవుడు వచ్చినప్పుడు జరిగిన ఉత్సవాన్ని స్మరించినాడు. దుఃఖం, సుఖం, ఆ మీద వియోగంలోనే పుట్టిన పండుగ – ఇదీ ఆ వరుస. పోతన భాగవతంలో ఉద్ధవుని ముందు యశోదానందులు బిడ్డను తలచుకొనే ఘట్టం చదివినవారికి ఈ వరుస క్రొత్త కాదు. బిడ్డ దూరమైన తల్లి దుఃఖాన్ని తొలగవలసిన మలినంగా గాక, కోరదగిన అనుభవంగా ఆచార్యుడు ఎంచినాడు. ఆ కోరికను ఇల్లమ్మ గడిపిన రాత్రితో ముడిపెట్టడానికి గ్రంథస్థమైన ఆధారం లేదు, అవసరమూ లేదు. శాస్త్రం లెక్కలోకి తీసుకొనని మాతృశోకానికి ఆ కృతిలో మొదటి స్థానం దొరికినదన్నది మాత్రం వాస్తవం.

రాయపూర్ ప్రాంతపువారు అస్థికలను రాజింలో కలుపుతారు. మహానది, పైరి, సోందూర్ నదులు కలిసే ఆ చోటును ఛత్తీస్‌గఢ్ ప్రయాగ అంటారు. మాఘపూర్ణిమకు అక్కడే పెద్ద తిరునాళ్లు జరుగుతుంది. ఒకే ఇసుకతిన్నె మీద ఒకవైపు తలగొరిగించుకొన్న కొడుకు నీళ్లలోకి దిగుతుంటే, మరొకవైపు పిల్లలకు మిఠాయిలు కొంటారు. ఎవరూ ఎవరినీ తప్పుకొమ్మనరు. ధర్మశాస్త్రాలు ఇంత శ్రమపడి దినాలు లెక్కించినది, ఆ ఇద్దరికీ ఆ తిన్నెమీద చోటుండాలనే. ఎవరికి ఆ లెక్క ముగియదో, ఎవరికి ఆ లెక్క మొదలే కాదో వారిని వెదకి చేర్చుకొనడం ఆ శాస్త్రాలను చదివే తరాల బాధ్యత. వేపాకు చేదు నాలుక మీద ఉన్నప్పుడు, కొనితెచ్చిన అన్నం కాదు, పొరుగింటివారు పెట్టిన అన్నమే మనిషిని ఇంటిలోనికి మరల నడిపిస్తుంది.